జబ్బు లేని మనిషికి మందు

మా వదిన బాలలక్ష్మి గట్టి మనిషి. మెచ్చుకోలుగా అనడం లేదు, ఒకే ఇంట్లో ఉండి ఆమె మొండితనంతో వేగినదాన్ని కనుక అంటున్నాను. మా అన్న హనుమండ్లు క్షయతో పోయాక, కర్మ అయిన మర్నాడే చంటిపిల్లను నా ఒళ్ళో పడేసి అన్న మగ్గం గుంటలోకి దిగింది. అది అరవై నాలుగో సంవత్సరం. సిరిసిల్లలో మా వాడంతా ఇంకా చేతిమగ్గాలే.

నేతపని చేసే మా సాలోళ్ళకు ఒక అలవాటుంది. మగ్గం మీద అటూ ఇటూ పోగును నడిపే నాడెలో కొత్త నూలు కండె పెట్టగానే నాడె కన్నానికి పెదవులు ఆనించి పీలుస్తాం. పోగు చటుక్కున బయటికొస్తుంది. ఇంట్లో ఒకరు పీల్చిన నాడెనే ఇంకొకరూ పీలుస్తారు, దానికి ఎంగిలి లేదు. అన్న మంచాన పడేదాకా ఆయనా, వదినా ఒకే నాడెతో నేశారు.

కరీంనగర్‌లో డాక్టరు వదిన ముంజేతికి సూది గుచ్చి చూస్తే ఎర్రగా వాచింది. రొమ్ముకు తీసిన ఎక్స్‌రే ఫోటోలో మాత్రం ఏమీ లేదు. ఇప్పుడు జబ్బు లేదట, ఎవరికీ అంటదట, కాని పురుగు లోపల నిద్రపోతూ ఉండొచ్చట. అది లేవకుండా ఏడాదిపాటు గోలీలు మింగితే మంచిదని, అయినా బలవంతం లేదని చెప్పి పంపాడు. బలవంతం చేసి ఉంటే మాకింత గోస ఉండేది కాదు.

అన్ననూ నన్నూ కన్న మా అవ్వ ససేమిరా అంది. మందు మింగినవాడే పోయాడు కదా అంది. అన్న దగ్గు తగ్గగానే మందు మానేశాడంటే వినదు. గోలీల సంగతి పొక్కితే మన గడప ఎవరూ తొక్కరు, మగ్గానికి నూలిచ్చేవాడుండడు అని రోజూ అదే పాట. నాకు ఒళ్ళు మండేది. కాని భయం నాకూ ఉంది. వదిన ఒక్కసారి దగ్గితే చాలు, ముగ్గురం బిగుసుకుపోయేవాళ్ళం. గోలీల పొట్లం గూట్లో అట్లాగే పడి ఉంది.

ఒకరోజు పొద్దున్నే వదిన పొట్లం విప్పింది. అవ్వ పోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను గూడ మంచాన పడితె పిల్లకెవరున్నరత్తా?" అంది వదిన.

"నేను లేనా? నేను సాదుత" అంటూనే అవ్వకు దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు మాకు కొత్త కాదు. నూలు దుమ్మని ఎన్నడో పట్టించుకోవడం మానేశాం. వదిన మాత్రం గోలీ చేతిలో పట్టుకుని అవ్వనే చూస్తూ ఉండిపోయింది. ఏమడగబోతుందో నాకు తెలిసిపోయింది.

"అత్తా, నీకీ దగ్గు ఎప్పటిసంది?"

అవ్వ ఆమె చెయ్యి వదిలేసి గోడకు జారగిలబడింది.

"గదే అడుగుతరని నా భయం. నువ్వు మందు సురు జేస్తె నన్ను గూడ సూపించుకొమ్మంటరు. నా కొడుక్కు మగ్గం నేర్పింది నేనే బిడ్డా. పోగు రాకపోతె నా నోటితోని పీల్చి వాని నోటికిచ్చిన."

ఇన్నాళ్ళూ వాడకట్టుకు భయపడుతోందనే అనుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. వదిన ఏడవలేదు. గోలీ నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. దండెం మీది చీర తీసి అవ్వకిచ్చి, కట్టుకో, కరీంనగర్ బస్సుకు పోదామంది.

అవ్వ కట్టుకుంది. గడప దగ్గర మాత్రం ఆగింది.

"రోగముంటె డాక్టరును మందియ్యుమను, మింగుత. ఎప్పటిసంది ఉన్నదో మాత్రం నాకు చెప్పొద్దను."