‘చేతులూ’ అని అరిచాక

నా చిన్నప్పుడు నాకొక పగ ఉండేది. పదేళ్ళ పిల్లకు పగేమిటని నవ్వకండి. పొద్దున కళ్ళు తెరిస్తే అదే గుర్తొచ్చేది, అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది. ఆ పగ నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఫిట్టరు మీద.

మా అమ్మ ఆ మిల్లులో యంత్రానికి పత్తి అందించే పని చేసేది. పత్తి వేస్తే దూది ఒకవైపు, గింజలు ఒకవైపు వచ్చేవి. మధ్యలో ఏ పుల్లో, పచ్చి కాయో ఇరుక్కుంటే యంత్రం పట్టేసేది. అప్పుడు ఫిట్టరు బెల్టు తప్పించి యంత్రం ఆపితే, అవతలి వైపు కూర్చున్న మనిషి చెయ్యి లోపలికి పెట్టి ఆ ఇరుక్కున్నదాన్ని తీసేది. మళ్ళీ లివరు వేసే ముందు ఫిట్టరు ‘చేతులూ’ అని గట్టిగా అరవాలి. అవతల నుంచి ‘తీశా’ అని వినపడాలి. వినపడ్డాకే లివరు మీద చెయ్యి వెయ్యాలి. ఇది ఎక్కడా రాసి లేదు. మిల్లు పెట్టినప్పటి నుంచీ అందరూ పాటిస్తున్న పద్ధతి, అంతే.

ఆ ఫిట్టరు పనిమంతుడు, కాదనను. స్క్రూడ్రైవరు కొస యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెప్పేసేవాడు. గుంటూరు దాకా అతనికి పేరుంది. అతను ‘చేతులూ’ అని అరిచేవాడు కూడా. అరవలేదని ఎవరూ అనలేరు. జవాబు కోసం మాత్రం ఆగేవాడు కాదు. అరుపూ లివరూ ఒక్క ఊపిరిలో అయిపోయేవి. తొందరపని మనిషని షావుకారు దాన్ని కూడా మెచ్చుకునేవాడు.

ఒకరోజు ఆ ఒక్క ఊపిరిలోనే మా అమ్మ కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. అందరూ పరిగెత్తుకొస్తే అతను లివరు దగ్గర నుంచి కదలకుండానే, “ఆడోళ్ళకి ధ్యాసంతా కబుర్ల మీదేనాయె. చేతులు చూసుకోవద్దా?” అన్నాడట. షావుకారు ఆ మాటే నమ్మాడు. మా అమ్మను ఆసుపత్రికి పంపి, అక్కడి నుంచి ఇంటికి పంపి, ఇక రావద్దని కబురు పెట్టాడు. ఫిట్టరు ఆ సాయంత్రం కూడా పనిలోనే ఉన్నాడు.

అమ్మ నోరు తెరిచి ఒక్క తిట్టు తిట్టలేదు. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది, ఎడమచేత్తో నా జడ వెయ్యడం నేర్చుకుంది. జడ వంకరగా వచ్చేది. బళ్ళో పిల్లలు నవ్వినప్పుడల్లా ఆ ఫిట్టరే గుర్తొచ్చేవాడు. అతని సైకిలు సీటు మీద నాగజెముడు ముళ్ళు పెట్టాలనుకున్నాను. అతని క్యారేజీలో ఇసుక పొయ్యాలనుకున్నాను. ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తీసుకెళ్తే, తిరునాళ్ళ ప్రభల వైపు కూడా చూడకుండా స్వామి ముందు నిలబడి, ఆ ఫిట్టరు చెయ్యి పోతే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాను. పైకే అన్నానేమో, పక్కనున్న మా తాతయ్య విన్నాడు. కొండ దిగేటప్పుడు, వాడి చెయ్యి పోతే మీ అమ్మకి పని దొరుకుద్దా అని అడిగాడు. దొరక్కపోయినా ఫర్లేదన్నాను. నిజంగానే నాకు ఫర్లేదు.

మా తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. ఇంజన్ల దగ్గర పని చేసి తల నెరిసిన మనిషి. ఆ వేసవిలో చిలకలూరిపేట రోడ్డులో ఇంకో షావుకారు కొత్త మిల్లు కడుతూ, యంత్రాలు బిగించడానికీ మనుషుల్ని ఎంచడానికీ తాతయ్యను పిలిపించుకున్నాడు. తాతయ్య ముందుగా అడిగిన మాట మా అమ్మకు పని. రెండు వేళ్ళతోనైనా పత్తి అందిస్తుందంటే షావుకారు సరేనన్నాడు. అమ్మ ముఖంలో చాలా రోజులకు కాస్త కళ వచ్చింది. నాలుగు రోజులకే ఇంకో కబురు తెలిసింది. కొత్త మిల్లుకు ఫిట్టరుగా షావుకారు మనసులో ఉన్నది ఆ మనిషేనని. అమ్మ ముఖం మళ్ళీ మాడిపోయింది. ఆ లివరు దగ్గర అతనుంటే తను ఆ గేటు లోపలికి రానని ఒక్కసారి చెప్పి ఊరుకుంది.

నేనైతే తాతయ్య వెళ్ళి షావుకారుతో జరిగిందంతా చెప్పేసి ఆ ఫిట్టరు పరువు తీస్తాడనుకున్నాను. ఆయన చెప్పలేదు. చెబితే కూతురి కోసం అక్కసుతో అంటున్నాడనుకుంటారని ఆయన భయం. కారంపూడి నుంచి పని అడగడానికి ఇంకొకతను వస్తున్నాడు, ఇద్దరి పనీ చూసి తీసుకుందామని షావుకారును ఒప్పించాడు. ఆ ముందు రోజు నన్ను పిలిచి ఒక కర్ర చూపించాడు. దానికి పాత జాకెట్టు చెయ్యి తొడిగి, దూది కూరి, చివర తాడు కట్టాడు. ఆ కర్రను యంత్రం నోట్లో పెడతాననీ, నేను వెనక దూరంగా పత్తి బస్తాల చాటున తాడు పట్టుకుని కూర్చోవాలనీ చెప్పాడు. “అవతల చేతులూ అన్నాక ఇరవై లెక్కపెట్టు. అప్పుడు తాడు లాగి, తీశా అను. ముందు మాత్రం అనమాకే,” అన్నాడు. ఆయన చెప్పింది అంతవరకే. మర్నాడు బస్తాల చాటుకు పోయే ముందు నా చేతి ఎర్ర గాజులు రెండు తీసి ఆ కర్రకు తొడిగింది మాత్రం నేనే. ఎందుకని అడిగితే చెప్పలేను. కర్ర నలిగితే చప్పుడు రాదు కదా అనిపించింది.

ముందు మా పగవాడు వచ్చాడు. చెప్పడానికి నాకిష్టం లేదు కానీ, చాలా బాగా చేశాడు. తాతయ్య కావాలని వదులు చేసి పెట్టిన వాటిని వరసగా పట్టేసి బిగించాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. షావుకారు ముఖం వెలిగిపోతోంది. మోటారు వేశారు, పైన ఇరుసు తిరుగుతోంది, ఇక లివరు వేస్తే యంత్రం కదులుతుంది. అతను ‘చేతులూ’ అని అరిచాడు. నేను ఒకటి అనుకున్నాను, రెండు అనుకోబోయాను. గాజులు పగిలిన చప్పుడు ఆ మోటారు హోరులో కూడా వినపడింది. తెలిసీ నేను కెవ్వుమన్నాను.

యంత్రం ఆగింది. అతను వెనక్కి వచ్చి చూడలేదు. లివరు దగ్గరే నిలబడి, షావుకారు వైపు తిరిగి, “ఆడోళ్ళకి ధ్యాస ఏడుంటదో. చేతులు చూసుకోవద్దా?” అన్నాడు.

తాతయ్య నెమ్మదిగా వెళ్ళి, నలిగిపోయిన జాకెట్టు చెయ్యిని, దానిలో గుచ్చుకున్న ఎర్ర గాజు ముక్కల్ని తెచ్చి షావుకారు ముందు పెట్టాడు. మా అమ్మ చెయ్యి ఇట్టాగే పోయిందని, ఆ రోజు కూడా ఇతను ఈ మాటే అన్నాడని చెప్పాడు. గొంతు పెంచలేదు. ఫిట్టరు ముఖం అప్పుడు చూడాలి. నేను బస్తాల మీదికెక్కి మరీ చూశాను. ఇన్నేళ్ళలో నేను ఇంకా చాలా మంచి దృశ్యాలు చూశాను గానీ, అంత తృప్తి దేనిలోనూ లేదు.

అయినా షావుకారు వెంటనే వదులుకోలేకపోయాడు. అంత పనితనం ఉన్నవాడు దొరకడని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాడని నసిగాడు. తాతయ్య కాదనకుండా, అవన్నీ మళ్ళీ వదులు చేసి, రెండో మనిషి పని కూడా చూడమన్నాడు.

కారంపూడి నుంచి వచ్చినతను పొట్టిగా, బెరుకు బెరుకుగా ఉన్నాడు. బెల్టు ఎక్కించడానికి మూడుసార్లు తంటాలు పడ్డాడు. నూనె ఒలకబోసుకున్నాడు. షావుకారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఎలాగో బిగించి, ‘చేతులూ’ అన్నాడు. నేను లెక్క మొదలుపెట్టాను. ఇరవై దాటినా పలకలేదు. అప్పటికి నాలో ఎంత విషం ఉందంటే, ఫిట్టర్లంతా ఒకటేనని, వీడు కూడా తప్పు చెయ్యాలని కోరుకున్నాను. అతను మళ్ళీ పిలిచాడు. పలకలేదు. లివరు మీద నుంచి చెయ్యి తీసేసి, యంత్రం చుట్టూ నడిచి, బస్తాల చాటున నన్ను చూసి వంగాడు.

“ఏమ్మా, నీ చేతులు బయటున్నాయా? పలకలేదేంది మరి?”

నేను రెండు చేతులూ చూపించాను. అది చాలలేదతనికి. నా నోటితో ‘తీశా’ అని అనిపించుకుని, అప్పుడు లివరు దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

షావుకారు ఇంకా ఆలోచిస్తూనే ఉంటే తాతయ్య అన్నాడు: “బెల్టు ఎక్కించటం నేను నేర్పుతా, నెల పడుద్ది. ఆగటం ఎవురు నేర్పాల?”

అంతటితో తేలిపోయింది. గేటు దగ్గర సైకిలెక్కుతున్న ఆ ఫిట్టరు దగ్గరికి పరిగెత్తాను. అరచేతిలో గాజు ముక్కలు చూపించి, “చేతులు చూసుకోవద్దా, మామా?” అన్నాను. అతను నా వంక చూసి, సైకిలు తొక్కుకుంటూ పోయాడు. తాతయ్య వెనకే ఉన్నాడు. పెద్దవాళ్ళతో అలా మాట్లాడినందుకు తిడతాడనుకున్నాను. విననట్టే ముందు నడిచాడు. దారిలో, చెయ్యి పోలేదు గానీ ఈ మిల్లు పని పోయింది కదా, నా మొక్కు సంగతేమిటని అడిగాను. సగం గుండు ఎవరూ చెయ్యరులే అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మ ముందు గాజు ముక్కలు పోసి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఫిట్టరు ముఖం ఎలా మాడిందో నటించి చూపించాను. అమ్మ అది సరిగ్గా వినలేదు. రెండో అతను ఆగాడా అని అడిగింది. ఎంతసేపు ఆగాడు, లివరు మీద నుంచి చెయ్యి తీశాడా, చుట్టూ తిరిగి వచ్చాడా, నిజంగా వచ్చాడా. ఆ ఒక్క ముక్కే మూడుసార్లు చెప్పించుకుంది. నాకు ఒళ్ళు మండింది. నేను తెచ్చిన పగ ఆమెకు అక్కర్లేకపోయింది. తర్వాతి వారం ఆమె ఆ మిల్లులో చేరింది. రెండు వేళ్ళతోనే పత్తి అందిస్తూ, అందరికంటే గట్టిగా ‘తీశా’ అని అరిచేది. రోడ్డు మీదికి వినపడేది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అదే మిల్లులో సూపర్‌వైజరుగా ఉన్నాను. లివరు పోయి బటన్లు వచ్చాయి గానీ, కేక మాత్రం అలాగే ఉంచాను. మనుషుల్ని తీసుకునేటప్పుడు షావుకారు గారి మనవరాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ఆ పిల్ల పెద్ద చదువు చదివి వచ్చింది. కొత్తగా అచ్చు వేయించిన కాగితంలో ‘సాఫ్ట్ స్కిల్స్’ అని, అంటే తోటివాళ్ళతో మెలిగే తీరుకు, ఒక గడి ఉంది. దాన్ని ఎలా చూస్తారు అమ్మమ్మా అని అడిగింది. ఇరవై లెక్కపెట్టి చూస్తానన్నాను. ముందు నవ్వింది, కథ విన్నాక నవ్వలేదు.

కిందటేడు ఒక ఐటీఐ చదివిన కుర్రాడి కాగితం చేతికొచ్చింది. ఇంటిపేరు చూస్తే ఆ ఫిట్టరుది. ఎవరి తాలూకని అడిగితే, నరసరావుపేటలో మా తాత పేరుమోసిన ఫిట్టరండీ అని గర్వంగా చెప్పాడు. ఒక్క గీత గీసి పంపేయగలను. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. కానీ వాడు తప్పు చేసి, అందరి ముందూ తలవంచుకుని పోవాలి నాకు. అందుకని వెనక నేనే కూర్చున్నాను. వాడు ‘చేతులూ’ అన్నాడు. నేను ఇరవై కాదు, అరవై లెక్కపెట్టాను. నొక్కరా, నొక్కు అని మనసులో మొత్తుకున్నాను. వాడు బటన్ దగ్గర నుంచి చెయ్యి తీసి, చుట్టూ తిరిగి వచ్చి, “చేతులు తీశారా అమ్మా? పలకలేదు మీరు,” అన్నాడు. తాత దగ్గర నేర్చుకోనిది వీడికి ఎక్కడి నుంచి వచ్చిందో. నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. కాగితం మీద తీసుకోమనే రాశాను. రాయకపోతే మా తాతయ్య పెట్టిన పరీక్ష అబద్ధమైపోతుంది.

పగ తీరిందా అంటే, తీరలేదు. దాన్ని నేను ఎక్కడా వదిలిపెట్టలేదు, ఇన్నేళ్ళూ వెంటే ఉంది. కాకపోతే దానికీ ఒక పని దొరికింది. ఇప్పుడు ఆ ఇంటిపేరు గల మనిషి రోజూ ఆడవాళ్ళ నోటి నుంచి మాట వచ్చేదాకా చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. ఒక్కోసారి అవతల నేనే కూర్చుంటాను. నా చేతులు ఎప్పుడో బయటికి తీసేసి ఉంటాను. అయినా వెంటనే పలకను. ఒకటి, రెండు, మూడు అని నింపాదిగా ఇరవై దాకా లెక్కపెడతాను. మా అమ్మ కోసం ఒక్క క్షణం ఆగనివాడి మనవడు కదా, ఆగనీ.