ఆ సినిమాలో లేని చప్పుడు

ఒట్టు పెట్టమంటే పెట్టను. నాకు ఒట్లంటే భయం. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది. మహారాష్ట్రలో ఘుగ్గుస్ దగ్గర మా బొగ్గుగని కాలనీలో, మొన్నటి చలికాలంలో. జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు స్వరూప. మా ఆయన గనిలో పనిచేసేవాడు. ఆయన పోయాక ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చారు. గనిలోకి దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే లైట్లు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం... అదే నా పని. మా వరస క్వార్టర్లు పాతబడ్డాయని అందరినీ కొత్తవాటికి మారుస్తున్నారు. పక్కింటి కమలాబాయి వాళ్లు దసరాకే వెళ్లిపోయారు. వరస మొత్తంలో నేనొక్కదాన్నే మిగిలాను. కొత్త ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. కాలు కదల్లేదు. మా ఆయన కొట్టిన మేకులు పాతింటి గోడలకు అలాగే ఉన్నాయి.

ఆ రోజు పొద్దుగూకాక ఫోన్‌లో ఒకటే గోల. చిన్నప్పుడు కాలనీలో కలిసి పెరిగినవాళ్లం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. రాజురాలో బట్టల దుకాణం నడిపే సదానందం అందులో ఒక సినిమా పంపాడు.

"యాదికొచ్చిందా? గణపతి పండుగల తెర కట్టి ఏసిండ్రు సూడు... గదే ఇంగ్లీషు సినిమా!"

గుర్తు రాకేం! హిందీ సినిమా వేస్తారని చాపలు పరుచుకుని కూర్చున్నాం. ప్రొజెక్టర్ అతను తెచ్చిన రీళ్ల డబ్బాలు తారుమారయ్యాయి. తెర మీద ఇంగ్లండులోని ఏదో ఊరు, నలుపు తెలుపుల్లో. ఆకాశం నుంచి ఏదో పడుతుంది. అది ఇళ్ల గోడల్లోకి చేరుతుంది. మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. పెద్దవాళ్లు తిట్టుకుంటూ లేచిపోయారు. పిల్లలం మాత్రం కదల్లేదు.

"గదేం భయం? గా భూతానికి రబ్బరు తొడుగు సాఫ్ కనబడ్తనే ఉంటది," అని సదానందం వాయిస్ మెసేజ్‌లో నవ్వాడు.

విమలక్క ఊరుకోలేదు. ఆమె ఇప్పుడు చంద్రపూర్‌లో ఉంటుంది. ఆ రాత్రి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నది ఆమే.

"నవ్వకురా. నేనైతే ఎన్నో దినాలు గోడ దిక్కు పండలే. రబ్బరుది కాదు నా భయం. గా ఆడమనిషి ఒక్కతే గోడకు చెవి పెడ్తది సూడు... లోపల్నుంచి టక్... టక్... అంటది. గా సప్పుడు!"

"హా అక్కా, గది నిజమే," అని సదానందం ఒప్పుకున్నాడు. "గది ఇప్పటికీ చెవులల్లనే ఉన్నది."

నా చెవుల్లోనూ ఉంది. మొదట నిదానంగా రెండు. కాస్త ఆగి, దగ్గరదగ్గరగా రెండు. టక్... టక్... టక్‌టక్.

అన్నం పొయ్యి మీద పెట్టి, ఫోన్‌ను ఉప్పుడబ్బాకు ఆనించి సినిమా చూడటం మొదలుపెట్టాను. భూతం నిజంగానే రబ్బరుది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఈసారి ఆ ఆడమనిషిని చూశాను. ఆమె భర్త అప్పటికే మాయమైపోయాడు. ఆమె బల్ల మీద రెండు కప్పులు పెడుతుంది. తర్వాత ఒకటి వెనక్కి తీసేస్తుంది. చిన్నప్పుడు ఇది చూసినట్టే లేదు నాకు.

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. చెవి ఆనించింది. నేనూ ఫోన్ మీదికి వంగాను...

చప్పుడు లేదు.

సౌండు పెంచాను. లేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. ఆమె కళ్లు పెద్దవవుతున్నాయి, ఏదో వింటోంది. మనకు మాత్రం ఏమీ వినిపించదు. సంగీతం కూడా లేదు. ఉత్త నిశ్శబ్దం.

ఫోన్ ఆపేశాను. బయట బొగ్గు లారీల మోత కూడా లేదు. అన్నం కుతకుతమంటోంది... అంతే.

అప్పుడు వినిపించింది.

టక్...

టక్...

టక్‌టక్.

ఫోన్‌లోంచి కాదు. గోడలోంచి. కమలాబాయి ఖాళీ ఇంటి వైపు నుంచి.

పొయ్యి ఆర్పలేదు. లేచి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. అరచేయి ఆనించాను. సున్నం గోడ చల్లగా ఉంది. మళ్లీ అదే చప్పుడు. ఈసారి చేతికి కూడా తెలిసింది.

"కోణ్ ఆహే?" అని మరాఠీలో, ఎవరని అడిగాను. కమలాబాయి వాళ్లెవరైనా వచ్చారేమోనని.

"ఎవలు?" అన్నాను. చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు నేనొక పని చేశాను. వేలు మడిచి, అదే వరసలో నేనూ కొట్టాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... సరిగ్గా నా అరచేతికి అవతల... మెల్లగా... ఒకే ఒక్కటి.

టక్.

చెప్పులు కూడా లేకుండా బయటికి పరుగెత్తాను. విమలక్కకు ఫోన్ చేశాను.

"ఎలుకలుంటయ్ చెల్లే, ఖాళీ ఇల్లు గదా," అంది. "ఫోన్ పెట్టకు. నాతోటి మాట్లాడుకుంట కూసో."

సినిమాలో ఆ చప్పుడు లేదని చెప్పాను. నమ్మలేదు. మనవరాలి ఫోన్‌లో పెట్టుకుని చూసింది.

"అవునే..." గొంతు చిన్నదైపోయింది. "మరి గప్పుడు మనం ఇన్నదేంది?"

అప్పటికే ఇంట్లోంచి మాడు వాసన వస్తోంది.

అప్పుడు విన్నది ప్రొజెక్టర్ చప్పుడై ఉంటుందని సదానందం గ్రూపులో తేల్చేశాడు. కావచ్చు. మరి నా గోడలో ప్రొజెక్టర్ ఎక్కడిది? పొద్దున్నే వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని కమలాబాయి ఇల్లు తీయించాను. నేలంతా బొగ్గు దుమ్ము. దాని మీద మనిషి అడుగు లేదు, ఎలుక జాడ లేదు. ఆ గోడలో పైపు కూడా లేదు.

ఇప్పుడు కొత్త క్వార్టర్‌లో ఉంటున్నాను. అటుపక్క టీవీ, ఇటుపక్క పిల్లల ఏడుపు. ఎలుకేనేమో అనుకుంటాను ఒక్కోసారి. పాత గోడలు చలికి పగులుతాయని మా ఆఫీసులో ఒకరన్నారు. అదీ నిజమేనేమో.

విమలక్కకు కూడా చెప్పనిది ఒకటుంది. మారడానికి ముందు రాత్రి సామానంతా మూటకట్టి, ఆ గోడ పక్కనే కూర్చున్నాను. సినిమా పెట్టలేదు. చెవి ఆనించాను. భయమేస్తూనే ఉంది... అయినా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఉన్నరా?"

ఎవరిని అడిగానో నాకే తెలియదు. గోడ పలకలేదు. తెల్లారి లారీల మోత మొదలయ్యేదాకా చెవి తీయలేదు నేను.