పెద్దమ్మ పగటి కథ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. తెల్లవారి నమాజుకు లేచిన కోడలు పిలిస్తే పలకలేదట. నరసరావుపేటలోని మా వీధికి ఆ కబురు ఎవరూ మోసుకురాలేదు, కోడలి ఏడుపే చెప్పింది. ఇది రాస్తున్నానే గానీ, గోడ అవతల నుంచి "ఏమే, అన్నం తిన్నావా?" అనే కేక వస్తుందేమోనని చెవి అటే పోతోంది.

వాళ్ళాయన ఉన్నన్నాళ్ళూ దూది ఏకేవాడు, ఆమె పరుపులు కుట్టేది. సూదితో పాటే కథా నడిచేది. చదువు రాదు గానీ మాట మహా పదును. బడిలో పాఠాలు చెప్పే నన్ను పట్టుకుని, "నువ్వు చెప్పేది పరీక్షకు, నేను చెప్పేది నిద్రకు. ఏది ఎక్కువ కాలం గుర్తుంటదో చూద్దాం" అనేది.

మా బడిలో ఏటా కథల పండుగ చేస్తాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలు వస్తాయి. ఇంటి పెద్దలు తమకు తెలిసిన కథ చెప్పాలి, పిల్లలు దాన్ని రాసి పైకి చదవాలి. మొదటిసారి పెద్దమ్మను పిలిస్తే ఒక్క మాటతో కొట్టిపారేసింది.

"పొద్దున పదింటికా? పగలు కథ చెబితే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారే. మావాడు రోడ్డు మీదున్నాడు."

కొడుకు చిలకలూరిపేట మిల్లుల నుంచి పత్తి బేళ్ళు వేసుకుని లారీ తోలతాడు.

"వాడి ఫోన్లో మ్యాపుంది పెద్దమ్మా, తప్పిపోడు."

"ఏంది, నీ మ్యాపు కన్నదా వాణ్ణి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా బడిలోనే చదివే మనవరాలు మొహం ముడుచుకుని కూర్చుంది. ఆ పిల్ల మొహం చూడలేక పెద్దమ్మే దిగొచ్చింది. "వాణ్ణి నా కళ్ళెదురుగా కూర్చోబెట్టు, చెబుతా."

పాపం, కొడుకు తన లోడు వేరేవాళ్ళకు అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బెంచీలో కూర్చున్నాడు. కొడుకు మీంచి చూపు తిప్పకుండా ఆమె కథ చెప్పింది. రహస్యం దాచుకోలేక పకపకా నవ్వి పగిలిపోయిన పత్తికాయ కథ. చివర్లో "కథ కంచికి, మావాడు ఇంటికి" అంటే బడంతా ఒకటే నవ్వులు. మనవరాలు రాసుకుని చదువుతుంటే మధ్యలో ఆపి, "పత్తి అని ఎక్కడ రాశావో చూపియ్యి" అని ఆ అక్షరాల మీద వేలు పెట్టించుకుంది. ఆమె నేర్చిన చదువు ఆ ఒక్క మాటే. తర్వాత రొంపిచెర్ల బస్సులో నా పక్కన కూర్చుని, బోర్డుల మీద ఆ మాట కనపడితే చాలు, మోచేత్తో పొడిచేది. "అదిగో, నాదే!"

అప్పటి నుంచి కొడుకు రంజానుకు ఆలస్యంగా వచ్చినా, కథల పండుగకు మాత్రం ముందురోజే దిగేవాడు.

ఈ ఏడు పండుగ ఆమె పోయిన నెలలోనే వచ్చింది. ఈసారికి వద్దులే అన్నాను మనవరాలితో. వినలేదు. "నానమ్మ కథ నేను చెబుతా టీచర్." తండ్రికేమో కిరాయి తప్పలేదు, ఒంగోలు దాటిపోయాడు. వేదిక ఎక్కే ముందు ఆ పిల్ల నా ఫోను అడిగి తీసుకుంది.

"నాన్నా, ఎక్కడున్నావ్?"

"రోడ్డు మీదేనమ్మా."

"లారీ పక్కకు తీసి ఆపు. కథ చెప్పబోతున్నా."

అవతల బ్రేకు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఇంజను ఆగింది. ఫోను మైకు పక్కన పెట్టి కథ మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. కథ అయిపోయి చప్పట్లు సద్దుమణిగాక, ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఇక వెళ్ళు నాన్నా" అంది.

చాలాసేపటికి గానీ ఇంజను చప్పుడు వినపడలేదు.