రెండు వేళ్లు

మా పైగదిలో అద్దెకున్న అమ్మాయికి డాక్టరేట్ వచ్చిందంటే అది నా చలవేనని మేముండే పేట ద పాండ్స్ అంతా చెప్పుకుంటాను. నిజానికి ఆమె ల్యాబుకు నేను వెళ్లింది ఒక్కసారే, అదీ దారిలో అర్జంటుగా టాయిలెట్ అవసరమై.

అక్కడామె ఒక దీపపు పురుగును బతికుండగానే మైనంలో అతికించి, వీపు చీల్చి, చెవి నరానికి సన్నని తీగ తగిలించింది. "అయిపోయింది బంగారం" అని దాన్ని బుజ్జగించింది కూడా. స్పీకర్‌లో ఆ నరం టిక్కుటిక్కుమంటోంది.

"వినడానికి దీని చెవిలో రెండే కణాలు అంకుల్" అని ఒక వేలెత్తింది. "దీన్ని తినే గబ్బిలం దూరంగా అరిస్తే ఇది పలుకుతుంది, పురుగు పక్కకి తప్పుకుంటుంది." రెండో వేలెత్తింది. "మరీ దగ్గరికొస్తే ఇదీ పలుకుతుంది, పురుగు రెక్కలు ముడిచి కింద పడిపోతుంది. థింకింగేం లేదు."

ఇంట్లోనూ అవే వేళ్లు. నాకు చెవుడని నేనే ప్రకటించుకుని అయిదేళ్లయింది. మా ఆవిడ ఒకసారి పిలిస్తే ఆ అమ్మాయి నా వైపు చూసి ఒక వేలెత్తేది, మళ్లీ పిలిస్తే రెండోది ఎత్తి నవ్వేది.

ఒక శనివారం మధ్యాహ్నం మా ఆవిడ గరాజ్‌లో నిచ్చెనెక్కి, "ఏవండీ, కాస్త పట్టుకోండి, ఊగుతోంది" అంది. నేను పేపరు తిప్పాను. "ఏవండీ!" అని అరిచింది. తర్వాత దబ్బుమని చప్పుడు.

పైనుంచి పరుగెత్తుకొచ్చింది ఆ అమ్మాయే. తుంటి విరిగిన మనిషిని అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే, "నాకస్సలు వినపడలేదమ్మా" అన్నాను.

ఆమె ఒక వేలెత్తింది. కాసేపాగి రెండోది ఎత్తింది. ఈసారి నవ్వలేదు.

రెండూ వినపడ్డాయి.