ముత్తాత మీద మార్కర్ పరీక్ష

ఎండకూ చెదలకూ దాయాదులకూ చిక్కకుండా వందేళ్లు నిలిచిన మా ముత్తాతను నేను ఒక్క పెన్నుతో ఎలా పాడుచేశానో చెబుతాను. నవ్వుకోండి; కాకపోతే కాస్త దూరంగా, మర్యాదగా.

తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజులవి. అప్పటికే మా దొరతనం నాచారంలో ఒక లేతు మిషన్ షాపు పైనున్న రెండు గదుల్లోకి కుంచించుకుపోయింది. నా మీసం మాత్రం పాత కొలతలోనే ఉంది. నగరంలో ఎవరో పాత కుటుంబాల ఫోటోల ప్రదర్శన పెడుతూ మా ముత్తాత ఫోటో పంపమన్నారు. ఉన్నది ఒకటే. అందులో తలపాగా, పతకాలతో ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. వెనక ఒక బక్క మనిషి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఫోటోను ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు మీద పేరు రాసి పంపాలి.

అందుకు పెన్ను కావాలని ఉప్పల్ వెళ్లాను. స్టేషనరీ దుకాణం యాదగిరి ఒక మార్కర్ తీసి ఇచ్చాడు.

"ఖాళీ కవరు మీద రాయున్రి సార్. మంచిగ ఆరినంక ఫోటో లోపల పెట్టున్రి."

"అంతసేపు ఫోటో బయట ఎవరి దగ్గర ఉండాలె?"

"నా దగ్గరైతే వద్దు సార్, మస్తు గిరాకి ఉంది."

"రాసింది చెరిగిపోతే?"

"పోనే పోదు. నా గ్యారంటీ!"

గ్యారంటీ అన్న మాట వినగానే నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. మా పొలాలన్నీ అలాంటి మాటల మీదే పోయాయి మరి. కోడలు కాచిన పాలను అనుమానించే అత్తగారిలా మూడుసార్లు మూత తీసి వాసన చూశాను.

ఇంటికొచ్చినా అనుమానం తీరలేదు. కవరు మీద గీసి చూస్తే కవరు సంగతే కదా తెలిసేది? సిరా ఫోటోకు హాని చేస్తుందో లేదో ఫోటోయే చెప్పాలి. అలాగని ముత్తాత జోలికి పోతానా? గొడుగు పట్టుకున్న నౌకరు ఉన్నాడుగా! అతని ముక్కు మీద చిన్న గీత గీశాను. తుడిచాను, పోలేదు. ఉమ్మి తడి చేసి గట్టిగా రుద్దాను. ముక్కు పోయింది, గీత పోలేదు.

నౌకరే కదా అని సరిపెట్టుకుని, ముత్తాత పూర్తిపేరు కనుక్కుందామని మల్కాజిగిరిలో మా మేనత్త దగ్గరికి వెళ్లాను. చిన్నప్పుడు ఆయన ఒళ్లో ఆడుకున్న మనిషి ఆమె. కళ్లజోడు పెట్టుకుని ఫోటో చూసి కేక వేసింది.

"వామ్మో! మా తాత ముక్కేదిరా?"

"కుర్చీల ఉన్నడు గదా అత్తా. ముక్కు మంచిగనే ఉంది."

"గాయన తాలూక్‌దారురా, నిజాం సర్కారు అధికారి! అసుంటోడు ఇంటికొస్తే కుర్చీ ఆయనకిచ్చి దొరనే గొడుగు పట్టాలె. గట్ల పట్టిండు గనుకనే మన దొరతనం నిలిచింది."

"మరి నౌకరు ఏడి?"

"నౌకర్లకు ఫోటో ఎవడు దీస్తడురా? ఇంతకు మా తాత ముక్కు ఊడగొట్టిన సన్నాసి ఎవడు?"

ఆ సన్నాసి మీసం ఒక్కసారిగా కిందికి వాలింది.

ప్రదర్శనలో తాలూక్‌దారు దర్జాగా కూర్చున్నాడు. ఆయన వెనక గొడుగుతో, గీతతో, ముక్కు లేకుండా మా ముత్తాత నిలబడ్డాడు. కవరు మీద నేను రాసిన పేరు మాత్రం చెక్కుచెదరలేదు. యాదగిరి ఒక్కడే నిజం చెప్పాడు.

అందుకే వాలిన మీసం మీదే చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పెన్ను కొన్నా ముందు నా ముక్కు మీదే గీసి చూస్తాను. మా వంశంలో పోగొట్టుకోవడానికి మిగిలింది అదొక్కటే.