మామయ్య బంకు మూసిన రోజు

మొన్న నందిగామ మీదుగా వెళ్తుంటే మా కారు పెట్రోలు కోసం ఆగింది. బంకులో ఒక పక్క తాడు కట్టి, పాత ట్యాంకును భూమిలోంచి బయటికి తీస్తున్నారు. పంతులుగారు పళ్ళెంలో కర్పూరం సర్దుకుంటుంటే, మెడలో ఏదో మీటరు వేలాడేసుకున్న కుర్రాడు వచ్చి, "కొబ్బరికాయ కొట్టండి చాలు పంతులుగారూ. హారతి వద్దండి. ఇవ్వాల్సిందేనంటే రోడ్డవతలికెళ్ళి ఇచ్చుకోండి" అన్నాడు. పంతులుగారు కాస్త గొణిగి కర్పూరాన్ని మళ్ళీ పొట్లం కట్టేశారు. అంతే, అయిపోయింది. నేను మాత్రం కారులో కూర్చుని ఏడ్చాను. మా డ్రైవరు పాపం, చల్లగాలికి కళ్ళు మండుతున్నాయేమోనని ఏసీ తగ్గించాడు.

అరవైల మొదట్లో అదే రోడ్డు మీద మా మేనమామకు బంకు ఉండేది. నేను అప్పుడే నందిగామ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఇల్లు బంకుకు సరిగ్గా వెనకే. చేత్తో తిప్పే పంపు, రేకుల పందిరి, భూమిలో ట్యాంకు, అదే ఆస్తి. అత్తయ్య పెట్టిన మాగాయలో కూడా పెట్రోలు వాసన వస్తోందని నేను ఏడిపిస్తే, మూతి విరిచి ఇంకో ముక్క వడ్డించేది. మామయ్యది మహా జాగ్రత్త. తాళం వేసి బస్టాండు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. ఊళ్ళో ఎవరైనా అతిగా జాగ్రత్తపడితే "బంకాయన పూనాడ్రా" అనేవాళ్ళు. ఆ పేరంటే అత్తయ్యకు లోలోపల ఎంత గర్వమో. జగ్గయ్యపేటలో ఆవిడ పుట్టింటివాళ్ళు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు మామయ్యను అడిగేవాళ్ళు.

రోడ్డు వెడల్పు చేస్తామనడంతో బంకు తీసేయాల్సి వచ్చింది. బెజవాడ నుంచి వచ్చిన కంపెనీ మనిషి పద్ధతంతా చెప్పాడు. మిగిలిన పెట్రోలు తోడేసి, చుట్టూ తవ్వి, ట్యాంకు లోపల అంచులదాకా నీళ్ళు పోయాలట. నీళ్ళు నెట్టేసిన ఆవిరి గాలికి పూర్తిగా పోయాకే గొట్టాలు విప్పాలట. "మండేది పెట్రోలు కాదండీ, దాని ఆవిరి. కంటికి కనపడదు. గాలికన్నా బరువు, పల్లంలో చేరి కూర్చుంటుంది" అన్నాడు. అప్పటినుంచీ మామయ్య వచ్చినవాడికల్లా అదే పాఠం అప్పజెప్పాడు. ఆ రోజు పొద్దున్నే ఎదురుగా ఉన్న టీ కొట్టు పొయ్యి ఆర్పించాడు. పక్కింటి తాతగారిని చుట్టతో సహా పొలానికి సాగనంపాడు. కూలీల దగ్గర అగ్గిపెట్టెలన్నీ వసూలు చేసి డబ్బాలో పెట్టి తాళం వేశాడు. మా ఇంట్లో వంట తెల్లవారకముందే ముగిసి, పొయ్యి మీద నీళ్ళు పడ్డాయి. చల్లారిన పులిహోర తింటూ నేను విసుక్కుంటే, "ప్రాణం కన్నా వేడన్నం ఎక్కువా?" అని కసిరాడు. ఇన్ని నిప్పులు ఆర్పించిన మనిషికి దేవుడి గదిలో దీపం గుర్తే రాలేదు. మాకూ రాలేదు. దేవుడి దగ్గర వెలిగేదాన్ని మేమెవరం నిప్పు కింద లెక్కవేసేవాళ్ళం కాదు.

మునేరు నుంచి బండ్ల మీద డ్రమ్ములతో నీళ్ళు వస్తున్నాయి. ట్యాంకు సగం నిండిందో లేదో, కంపెనీ మనిషి దాన్ని తీసుకెళ్ళే లారీ సంగతి చూసుకురావడానికి వెళ్ళాడు. తాను వచ్చేదాకా ఏదీ విప్పొద్దని మరీ చెప్పి వెళ్ళాడు. మామయ్య ఏదీ విప్పలేదు కూడా. కూలీలను దూరంగా రోడ్డవతల నిలబెట్టి, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూడటానికి తానొక్కడే గోతిలోకి దిగాడు. అక్కడ ఆయనకు పంచాంగం గుర్తొచ్చింది. నేను అత్తయ్య పక్కనే ఇంటి అరుగు మీద ఉన్నాను. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇదిగో, రాహుకాలం వచ్చేస్తంది. పాతిననాడు హారతిచ్చాం, తీసేనాడు ఇవ్వకపోతే ఎట్టా? ఇన్నేళ్ళు మనకి అన్నం పెట్టిన తల్లి. పళ్ళెం పట్రా!"

అత్తయ్య దేవుడి దీపంతో కర్పూరం వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచింది. ఆయన గోతిలో నిలబడి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, చేతులు జోడించాడు. ఆవిడ అంచున వంగింది. ట్యాంకులోంచి వచ్చిన ఆవిరంతా ఆ గోతిలోనే ఉంది. భగ్గుమని గొయ్యంతా ఒక్కసారే అంటుకుంది. బండ్లవాళ్ళు డ్రమ్ములు కుమ్మరించి, తడి గోనెలు కప్పి ఆయన్ని పైకి లాగారు. బెజవాడ ఆసుపత్రిలో మర్నాటిదాకా ఉన్నాడు గానీ మళ్ళీ మాట్లాడలేదు. అత్తయ్య చేతులు మోచేతులదాకా కాలిపోయాయి.

విచారణకు వచ్చిన అధికారి అరుగు మీద కుర్చీ వేసుకుని, నిప్పు ఎవరు తెచ్చారని అడిగాడు. చేతులకు కట్లతో గోడకానుకుని ఉన్న అత్తయ్య తడుముకోకుండా చెప్పింది. "నేనేనండి. ఆయన వద్దనే అన్నారు. నేను వినలేదు." నేను నోరు తెరవబోతే ఆవిడ కళ్ళతోనే వారించింది. అధికారి వెళ్ళాక ఆవిడతో పోట్లాడాను. పిలిచింది మామయ్యే కదా, ఎందుకీ అబద్ధమని నిలదీశాను.

"మీ మామయ్యకి ఉన్నదల్లా ఆ పేరొక్కటేనే, జాగ్రత్త గల మనిషని" అంది. "మనిషి ఎట్టాగూ పోయాడు. ఆ పేరు కూడా పోనియ్యమంటావా? నాదేముంది, ఆడది, దానికేం తెలుసులే అనుకుంటారు. నేను బతికుండగా నువ్వు నోరెత్తావంటే నా మీద ఒట్టే."

జనం అలా అనుకుని ఊరుకోలేదు. హారతిచ్చి మరీ మొగుణ్ణి సాగనంపిందన్నారు. జగ్గయ్యపేటలో అన్నగారింటికి చేరితే, అక్కడ వదినగారు పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నిప్పు మాత్రం ముట్టుకోకమ్మా" అని నలుగురిలో అనేది. నేను చూడటానికి వెళ్ళినప్పుడల్లా అత్తయ్య అడిగేది ఒక్కటే, ఊళ్ళో మామయ్యను తలుచుకుంటున్నారా అని. అంత జాగ్రత్త గల మనిషి మళ్ళీ పుట్టడంటున్నారని చెబితే, ఆ ముడుచుకుపోయిన వేళ్ళతో కొంగు సర్దుకుని నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు మామయ్య మీద ఒళ్ళు మండిపోయేది. ఆయనంటే ఎంత ప్రేమో అంత కోపం, ఇప్పటికీ.

అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఇక ఒట్టు లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు హారతి తెమ్మన్నది మామయ్యే, ఆవిడ తప్పేమీ లేదు. కాలం నా నోటికున్న ఒట్టు విప్పింది గానీ, ఆ అబద్ధాన్ని నమ్మినవాళ్ళలో ఒక్కరినైనా మిగల్చలేదు.