కాంటా గదిలో ఊడదీయని తీగ

నాకు కంప్యూటరు నేర్పిన సార్ పోయారన్న కబురు మొన్న ఆయన భార్యే తెచ్చింది. కరీంనగర్ నుంచి బస్సులో వచ్చి, ఆయన పనిముట్ల రేకు డబ్బా నా ముందు పెట్టింది. "గిది కాంటా గదిల ఉండే బెహన్‌కే ఇయ్యాలన్నడు. ఎందుకో చెప్పలే," అంది. బెహన్ అంటే చెల్లె, సార్ నన్నలాగే పిలిచేవారు. ఆమె వెళ్లాక డబ్బా తెరిచాను. పదో తరగతి చదివినదాన్ని, ఉత్తరాలు తప్ప ఎన్నడూ ఏమీ రాయలేదు. డబ్బా తెరిచాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు. పత్తి బండ్లు తూచే కాంటా గదిలో చీటీలు రాయడం నా పని. మా ఆయన పోయాక నాకు అదే ఆధారం. నా నలభై ఏడో ఏట ఆఫీసుకు ఒక కంప్యూటరు, కాంటా గదికి ఒకటి వచ్చాయి. రెండింటినీ కలుపుతూ ఆవరణ మీదుగా నల్లటి తీగ లాగారు. "నేర్చుకున్నోళ్లే ఉంటరు," అన్నాడు మిల్లు సేటు. నేర్పడానికి వచ్చారు సార్. టెలిఫోన్ల పని చేసి రిటైరైన మనిషి. నమాజుకు కడుక్కున్నంత శ్రద్ధగా చేతులు కడుక్కుని గానీ పనిముట్ల డబ్బా ముట్టేవారు కాదు.

మొదటి రోజు మీటలు ఒక్కొక్కటే వెతికి నొక్కాను. "ఆఫీసు యంత్రాన్ని పిలువు బెహన్. ఉన్నవా అని మన యంత్రం నాలుగు సార్లు అడుగుతది. అది నాలుగు సార్లు పలికితే తీగ మంచిగున్నట్టు." పలికింది, తెర మీద నాలుగు వరసల్లో. నేను తెరకు దండం పెట్టాను.

"దానికెందుకు దండం? ఆఫీసుల గుమాస్తాకు పెట్టు, చాయ్ అన్నా తాపిస్తడు," అని నవ్వారు.

నవ్వుతూనే కిటికీలోంచి ఆకాశం చూసేవారు. ఎండ కాస్తున్నా చూసేవారు. మబ్బు కనిపిస్తే పాఠం ఆపి, తీగను యంత్రం నుంచి తిప్పి తీయించేవారు. "తీగకు తెల్వది బెహన్, మాటొస్తున్నదో పిడుగొస్తున్నదో. దానికి రెండొక్కటే."

ఆ దసరాకు మిల్లులో త్రాసులకూ తాళాలకూ పూజ చేశాం. తీగను యంత్రంలో బిగించే చోట నేను పసుపు దారం చుట్టి ముడి వేశాను. పండుగనాడు కట్టిన దారం మర్నాటి పూజ దాకా తెంపకూడదని మా అవ్వ నేర్పిన పద్ధతి. దాన్ని తెంపితే గానీ తీగ రాదు. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

ఆ రోజే మధ్యాహ్నం దాటాక ఎండ ఉన్నట్టుండి పోయింది. పత్తి కుప్పల మీద నీడ పాకింది. ఎద్దులు కదలకుండా నిలబడ్డాయి. ఆఫీసు వరండాలోంచి సార్ కేకేశారు.

"బెహన్, ఊడదీసినవా?"

దారం మీద చెయ్యి పెట్టాను. మనసు రాలేదు.

"తీసిన సార్."

"ఐతే ఫికర్ లేదు," అని లోపలికి వెళ్లారు. వచ్చి చూడలేదు. నా మాట మీద అంత నమ్మకం.

గది తెల్లబడింది. పిడుగు చప్పుడు తర్వాత వచ్చింది. నాకేమీ కాలేదు, యంత్రం మాత్రం మాడిపోయింది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది సారే. దాని వెనక్కి వంగి చాలాసేపు చూశారు. అంతలో సేటు వచ్చాడు.

"తీగ ఎవరు తియ్యలే?"

నేను చీటీల కట్ట చేతిలోకి తీసుకున్నాను.

"నేనే. తియ్యుమని ఆమెకు చెప్పుడు మర్చిన," అన్నారు సార్.

ఆ సాయంత్రమే సార్‌ను పంపించేశారు. వెళ్లేటప్పుడు నాతో అన్నది ఒక్కటే, "జర మొగులు చూస్తుండు బెహన్." మబ్బును కనిపెట్టి ఉండమని. ఆయన వెళ్లాక దారం కోసం వెతికాను, కనిపించలేదు. కాలిపోయింది, ఆయన చూడలేదు అనుకుని బతికాను. నా ఉద్యోగం నిలిచింది. ఏటా వానల ముందు ఆయన నుంచి కార్డు వచ్చేది. అందులో ఒక్కటే వాక్యం: "మబ్బులొస్తున్నయి, పైలం." జాగ్రత్తగా ఉండమన్న ఆ కార్డుల్లో నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు.

డబ్బాలో పటకారు, రెండు తీగ ముక్కలు, మడిచిన తెల్ల చేతిరుమాలు ఉన్నాయి. రుమాలు విప్పితే నా పసుపు దారం. ఒక పక్క నల్లగా కమిలింది. ముడి విప్పకుండా పక్కన తెంపి తీశారు, నేను వేసిన ముడి అలాగే ఉంది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా, ఆ దారంతో పాటు ఈ డబ్బాలోనే దాచండి. ఎవరికీ చూపకండి, ముఖ్యంగా సార్ ఇంటివాళ్లకు. ఆయన దాచిన దాన్ని నేను బయట పెట్టకూడదు.

ఉత్తరం దిక్కు నల్లబడుతోంది. ఎద్దులు మళ్లీ కదలడం లేదు. కొత్త యంత్రం నుంచి తీగ ఊడదీశాను. దాని కొస కిటికీ పక్కన ఊగుతోంది.

తీసిన సార్.